అనసూయమ్మ ఇవ్వని మూడు పేజీలు

ముప్పై మూడేళ్లకే రిటైరయ్యానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వుతున్నారు. పింఛను లేదు, శాలువా లేదు, సన్మానం లేదు. కానీ పని మాత్రం నిజంగానే మానేశాను. పదేళ్లకు పైగా ఇతరులు రాసిన రాతప్రతులు సరిచేసి బతికాను. మొదట నగరంలో ఒక చిన్న ప్రచురణ సంస్థలో, పెళ్లయ్యాక ఇక్కడ మేడ్చల్‌లో, మా ఇంటి ముందుగదిలో. ఇప్పుడు మా పాపకు ఏడో నెల.

ఎందుకు మానేశానో ముందే చెప్పాలి. ఎడిటర్‌కు భాష రావడం కంటే ముందు కావలసింది, ఒక వాక్యం మొదలుపెడితే చివరిదాకా తల తిప్పకుండా వెళ్లగలగడం. అది నాకిప్పుడు చేతకావడం లేదు. వాక్యం మధ్యలో లేచి ఊయలలోకి చూస్తాను. పాప ఛాతీ లేస్తోందా, పడుతోందా చూసుకున్నాకే మిగతా సగానికి వస్తాను. వచ్చేసరికి మొదటి సగం మర్చిపోతాను. డాక్టరమ్మ అయితే "పాపకేం లేదు, నువ్వే సగమయ్యావు" అని మందలించారు. ఆమె మాట నమ్ముతాను. నమ్మి మళ్లీ లేచి చూస్తాను. సగం కన్నుతో చదివి పూర్తి డబ్బు తీసుకోవడం న్యాయం కాదు కదా.

ఈ మధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. తెలుగు ఎం.ఏ. అయిపోయిందట, ఈ పనిలోకి వస్తానంది. "అక్కా, మొదట ఏం నేర్చుకోవాలె?" అని అడిగింది. జవాబు మొదలుపెట్టేసరికి పాప ఏడ్చింది, ఫోన్ పెట్టేశాను. ఆగిపోయిన ఆ జవాబే ఇది. రాత్రి పాప పడుకున్నాక రాస్తున్నాను కాబట్టి ఒకచోట పొడుగ్గా, ఒకచోట తెగినట్టు ఉంటుంది. రాతప్రతి పట్టుకుని ఎడిటర్ కోసం వెతుకుతున్న వాళ్లు కూడా దీన్ని చదివితే మంచిది. ఈ వ్యవహారంలో డబ్బు పోయేది వాళ్లదే.

గుటక మింగిన చోటు

నాకు పని నేర్పింది విఠల్‌రావు సార్. ప్రచురణ సంస్థలో మా పెద్ద ఎడిటర్. మనిషి కోపిష్టి, చాయ్ చల్లారితే ఆ కోపం రచయితల మీదికి మళ్లేది. ఆయనకొక పద్ధతి ఉండేది. ఎవరు రాతప్రతి తెచ్చినా ముందు కూర్చోబెట్టి, మొదటి అధ్యాయాన్ని వాళ్ల చేతే బయటికి చదివించేవారు. పెద్ద ఉద్యోగాలు చేసి వచ్చినవాళ్లు కూడా బడిపిల్లల్లా చదవాల్సిందే. మేం పెన్సిల్ ముట్టుకోకూడదు, ఊరికే వినాలి.

"రాసినోడు యాడ గుటక మింగుతడో గాడ్నే గుర్తు వెట్టుకోవే" అనేవారు నాతో. "ఉరుకుతున్నడంటే గది వానికే నచ్చలే. మెల్లగయిండంటే గది వాని పానం. ఆగి నీళ్లడిగిండంటే ఏదో దాస్తుండు."

నేను నేర్చుకున్న వ్యాకరణమంతా ఒక ఎత్తు, ఈ మూడు ముక్కలు ఒక ఎత్తు. రచయితలకు కూడా ఇదే చెప్తాను: నా దగ్గరికి రాకముందు మీ రాత మీ ఇంట్లో ఎవరికైనా బయటికి చదివి వినిపించండి. వినేవాళ్లు పండితులు కానక్కర్లేదు. కూరగాయలు తరుగుతూ విన్నా చాలు. చదువుతుంటే మీ నాలుకకే తగిలే రాళ్లు మీరే ఏరుకుంటే, అంత పనికి నాకు డబ్బు ఇవ్వనవసరం లేదు.

అయితే విఠల్‌రావు సార్‌లో ఒక లోపం ఉండేది. వినడం అంత బాగా తెలిసిన మనిషి, పెన్సిల్ పట్టాక అన్నీ తనలా రాసేవారు. ఒకసారి పదవీ విరమణ చేసిన బస్సు డ్రైవరు ఒకాయన తన జ్ఞాపకాలు తెచ్చారు. రాత మొరటుగా ఉన్నా చక్కగా నడిచేది. సార్ దాన్ని రెండు నెలలు చెక్కారు. చివరి ప్రతి డ్రైవరుగారి చేతికిస్తే అక్కడే కుర్చీలో కూర్చుని ఓ ఇరవై పేజీలు చదివారు. మూసి, టేబుల్ మీద పెట్టి, చాలా మర్యాదగా అన్నారు:

"సార్, గీన బండి మంచిగనే నడుపుతుండు. గని గీన నేను గాదు."

సార్ మొహం చూడలేక నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ పుస్తకం మా దగ్గర అచ్చు కాలేదు. తప్పు తీసేయడం మన పని, మనిషిని తీసేయడం కాదు అని ఆ రోజు నాకు అర్థమైంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే.

డబ్బు ఎక్కడ కారిపోతుంది

మన దగ్గర పుస్తకం వేసుకునేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. ముందు డీటీపీ చేయిస్తారు. పేజీలు పెట్టించి, ఫొటోలు అతికించి, అట్ట మీద తమ బొమ్మ వేయించి, అప్పుడు "జర తప్పులు చూడమ్మా" అంటూ వస్తారు. నేను ఒక పేరా తీస్తే వెనక పేజీలన్నీ కదులుతాయి. డీటీపీ అబ్బాయికి మళ్లీ డబ్బు, ప్రూఫుకు మళ్లీ డబ్బు. ఆ భయంతో "పేరాలు తియ్యకుండ్రి, చిన్న చిన్నయి దిద్దుండ్రి చాలు" అంటారు. ఇల్లు కట్టి రంగులేశాక పునాది చూడమన్నట్టు.

ఇంకొందరు పుస్తకం పూర్తికాకముందే ముందుమాట రాయించుకుంటారు. ముందుమాటలో పెద్దమనిషి మెచ్చుకున్న అధ్యాయాన్ని తర్వాత మేం తీసేయాల్సి వస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఇంకా కొందరు ఆవిష్కరణకు ఫంక్షన్ హాలు బుక్ చేసుకుని వస్తారు. హాలు దొరికిన రోజే వాళ్ల పుస్తకానికి ముహూర్తం. అలాంటి పుస్తకాల్లో చివరి యాభై పేజీలు చూస్తే తెలిసిపోతుంది, పరుగెత్తుతూ దిద్దామని.

తక్కువలో పని కావాలంటే నేను చెప్పేది ఇంతే. రాయడం మొత్తం అయిపోయాకే ఇవ్వండి. అధ్యాయం తర్వాత అధ్యాయం పంపిస్తే నేను ప్రతిసారీ మొదటి నుంచి గుర్తు తెచ్చుకోవాలి, ఆ గంటలు మీ ఖాతాలోనే పడతాయి. నాతో ఒక్కరే మాట్లాడండి. నాలుగు ఫోన్ల నుంచి బావమరిది ఒకటి, మేనల్లుడు ఒకటి చెప్తే నేను దిద్దిందే మళ్లీ దిద్దుతాను. నన్ను రెండుసార్లే చదవనివ్వండి: ఒకసారి విషయం వరుస కోసం, ఒకసారి మాట కోసం. మూడోసారి చదవాల్సి వచ్చిందంటే మనిద్దరిలో ఎవరో ఏదో చెప్పలేదని అర్థం.

ఆ చివరి మాట నాకు అనసూయమ్మ దగ్గర తెలిసింది.

అనసూయమ్మ

ఆమె పుస్తకం మొత్తం రాసింది మూడు పేజీల కోసం. ఆ మూడు పేజీలే నాకు ఇవ్వలేదు. నాకు ఆలస్యంగా తెలిసిన సంగతిని మీకు ముందే చెప్తున్నాను, ఎందుకంటే అది తెలియకుండా మిగతాది చదివితే నాలాగే మీరూ తికమకపడతారు.

అనసూయమ్మది అలియాబాద్. పుట్టిల్లు రావల్‌కోల్. అరవై దాటిన మనిషి, భర్త పోయి మూడేళ్లు. వాళ్లకు ఒకప్పుడు ద్రాక్షతోట ఉండేది. ఈ చుట్టుపక్కల తోటలన్నిటిలాగే అదీ ముక్కలు ముక్కలుగా ప్లాట్లయింది. చివరికి ఒక బిట్టు మిగిలింది. పుస్తకం ఆ తోట గురించి. కానీ ఆమెకు కావలసింది, పుట్టిన పదిహేను రోజులలోపే పోయిన తన ఆడబిడ్డ గురించి మూడు పేజీలు అందులో ఉండడం. ఆ బిడ్డను తోటలోనే పూడ్చిపెట్టారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. పెద్ద కొడుక్కి ఆ పేజీలు పుస్తకంలోకి రావడం ఇష్టం లేదు.

షేరింగ్ ఆటో దిగి, చేతిసంచిలో పెరుగు డబ్బా, చంకలో కాగితాల కట్ట పెట్టుకుని వచ్చింది మొదటిరోజు. నేనప్పుడు ఆరో నెల కడుపుతో ఉన్నాను.

"నేను సదివింది ఏడో తరగతే బిడ్డా. తప్పులుంటయ్. తప్పులు దీసెయ్, మాటలు మాత్రం నాయే ఉండాలె" అంది.

"అట్లనే పెద్దమ్మా."

"ఇగ పైసల ముచ్చట. నాకు రెండు బర్లున్నయ్. గా పాల పైసల్లనే అయ్యేటట్టు జూడు. పెద్దోడు నేనిస్త అంటుండు. వద్దన్న."

"ఎందుకు వద్దు? కొడుకే గద."

"వాడిస్తే పుస్తకం వాందైతది" అంది. కోపంగా కాదు, పాలు తోడుపెట్టే సంగతి చెప్పినట్టు.

పని ఎంత అవుతుందో, ఎన్ని విడతలో వివరించాను. మొదట విషయం వరుస, తర్వాత భాష అన్నాను. నవ్వింది. "ద్రాక్షకు గూడ గంతే. ఎండకాలం ఒక కత్తిరింపు, సలికాలం ముంగట ఒక కత్తిరింపు. మొదటిది కొమ్మకు, రెండోది కాయకు. రెండూ ఒక్కసారే జేస్తివనుకో, ఆకులొస్తయ్ ఊకె." ఆ పోలిక నాకు నచ్చి తర్వాత చాలామందికి చెప్పాను.

కట్ట నా చేతికి ఇవ్వబోయి ఆగింది. "ఎన్నో నెల బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. కట్ట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, గోడవైపు తిరిగి, మధ్యలోంచి ఏవో కాగితాలు తీసి సంచిలో పెట్టుకుంది.

"అవేంది పెద్దమ్మా?"

"వంటల ముచ్చట్లు. అక్కరలేవు తియ్."

నమ్మాను. ఎందుకు నమ్మకూడదు?

దున్నని మూల

సార్ పద్ధతిలోనే ఆమెతో చదివించాను. వారానికొకరోజు వచ్చి మా ముందుగదిలో కూర్చుని చదివేది. ఎంత బాగుందో చెప్పలేను. రాతి కడీలు పాతి, తీగలు లాగి పందిరి వేయడం. గుత్తులు రంగు తిరిగే రోజుల్లో పిట్టల్ని కొట్టడానికి డబ్బాలు మోగించడం. మార్కెట్‌కు పోయే బుట్టల్లో అడుగున కాగితం పరిచి, పైన మంచి గుత్తులు, కింద చిన్నవి పెట్టే భర్తతో పోట్లాడి తిరగేసి సర్దడం. వింటూ మా అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయేది.

ఒకరోజు, తోట మొదటిసారి కాపుకొచ్చిన ఏడాది గురించి చదువుతోంది. తను నిండు నెలలతో పందిరి కింద వంగి నడవలేక పక్కకు తిరిగి నడిచేదట. ఆ పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ తీసింది, ఆగింది.

"జర నీళ్లియ్యి బిడ్డా."

నీళ్లిచ్చాను. తాగి, మూడో కాపు కత్తిరింపుల గురించి చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక ఏడాది లేదు. ఆ కడుపులోని బిడ్డ లేదు. ఆమెకు ఇద్దరు కొడుకులని నాకు తెలుసు, ఇద్దరూ అప్పటికే పుట్టారు. మరి ఈ బిడ్డ?

అక్కడి నుంచి పుస్తకంలో ఒక మూల తగులుతూనే ఉంది. పడమటి మూల. 'ఆ మూలకు నీళ్లు కట్టొద్దన్నాను.' 'ఆ మూల దున్నలేదు.' 'ఆ మూలలో దీపం పెట్టి వచ్చాను.' ఎందుకో ఎక్కడా లేదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో 'ఎందుకు?' అని రాసి ఇచ్చాను. అన్ని ప్రశ్నలకూ జవాబులు రాసుకొచ్చింది, దానికి తప్ప. రెండో విడతలో మళ్లీ అడిగాను. వాళ్ల బర్రె ఈనిన ముచ్చట చెప్పి లేచిపోయింది.

నాకు అనుమానం రాలేదా అంటే వచ్చింది. కానీ కడుపుతో ఉన్న మనిషి మనసు కొన్ని ఆలోచనల దగ్గరికి వెళ్లి తనంతట తానే వెనక్కి వస్తుంది. ఒక వారం ఉండబట్టలేక అన్నాను: "పెద్దమ్మా, ఈ మూల సంగతి చదివేటోళ్లకు సమజ్ కాదు. తీసేద్దామా?"

"తియ్యకు" అంది గట్టిగా. నేను ఉలిక్కిపడ్డానని చూసి గొంతు తగ్గించింది. "తియ్యకు బిడ్డా. ఉండనియ్యి. జర ఆగుదాం."

"దేనికోసం ఆగుదాం?"

"నువ్వు ముందుగాల మంచిగ కను."

పెద్ద కొడుకు

తొమ్మిదో నెలలో వాళ్ల పెద్ద కొడుకు శ్రీనివాస్ వచ్చాడు. రియల్ ఎస్టేట్ చేస్తాడు, ఊరి రాజకీయాల్లో కూడా ఒక కాలు ఉంది. కారు గేటు ముందు ఆపి, మిఠాయి డబ్బాతో లోపలికి వచ్చాడు.

"మేడం, బిల్లు ఎంతయినా నాకు చెప్పుండ్రి, అమ్మకు తెల్వొద్దు. గని అచ్చుకు పోకముందు ఒక్కసారి నాకు చూపియ్యాలె."

"అన్నా, పని ఇచ్చింది పెద్దమ్మ. ఆమె చూపియ్యమంటే చూపిస్త."

"గదే వద్దంటది గద." జేబులోంచి ఒక కాగితం తీశాడు. "ఇగో, ఇవి పేర్లు. మా మేనత్తలు, బావలు, చిన్నబాపులు, వాళ్ల పిల్లలు. మొదటి పేజీల రావాలె."

చూశాను. రెండు పేజీలున్నాయి. వయసు వరుసలో, గౌరవ వాచకాలతో సహా.

"ఇది పెండ్లి కార్డు గాదన్నా."

"మీకేం తెల్సు మేడం. మా చిన్నమేనత్త పేరు తప్పిపోయిందనుకో, మా గడప తొక్కది మళ్ల." తనే నవ్వేశాడు. ఆ నవ్వు ఆగాక మిఠాయి డబ్బా నావైపు జరిపాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "గా పడమటి మూల గురించి ఏమన్న రాసిందా?"

"రాసింది. ఎందుకో మాత్రం రాయలే."

అతని భుజాలు తేలికపడడం చూశాను. "గట్లనే ఉండనియ్యిండ్రి. కొన్ని ఇంట్ల ముచ్చట్లు. పుస్తకంల ఎందుకు."

అతను వెళ్లాక మా అత్తమ్మ అన్న మాటే నేనూ అనుకున్నాను: మిగిలిన బిట్టు కూడా ప్లాట్లు చేస్తాడు, ఆ మూలలో ఏదో ఉందంటే కొనేవాళ్లు రారు, అందుకే ఈ పరేషాన్. మా ప్రాంతంలో ఎవరైనా అలాగే అనుకుంటారు.

కొత్తవాళ్లకు ఇక్కడొక మాట. రాతప్రతి చేతికిచ్చిన మనిషే మీ రచయిత. బిల్లు కట్టేవాళ్లు వేరే ఉంటే మర్యాదగా చాయ్ ఇవ్వండి, కాగితాలు ఇవ్వకండి. నేను శ్రీనివాస్ మిఠాయి తిన్నాను, డబ్బు తీసుకోలేదు.

మూడు పేజీలు

పాప పుట్టింది. పని ఆగిపోయింది. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసినప్పుడు అనసూయమ్మను పిలిచాను. రాలేదు. ఫోన్ మాత్రం చేసేది. "పాలు మంచిగ తాగుతుందా? పసరికలేం లేవు గద? ఒళ్లు చల్లగయితలేదు గద?" అని అడిగేది. నేనే రోజంతా అవి అనుకుంటూ కూర్చునేదాన్ని కాబట్టి, ఇంకొకరు కూడా నాలాగే భయపడుతున్నారని కొంచెం ఊరటగా ఉండేది. పుస్తకం ఊసు తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పాపకు అయిదో నెల వచ్చాక ఒక పొద్దున వచ్చింది. ఆటో కాదు, కొడుకే కారులో తీసుకొచ్చాడు. అతను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అనసూయమ్మ పాప ముందు కింద కూర్చుంది. పాప బోర్లా పడి తలెత్తి ఆమెను చూసింది. ఆమె పాప కాళ్లు, చేతులు, మెడ, ఒక్కొక్కటీ చూసింది.

"గట్టివడ్డది" అంది మా అత్తమ్మతో. "ఇగ భయం లేదు."

సంచిలోంచి కాగితాలు తీసి నాకిచ్చింది.

"ఇవి అప్పుడే ఇయ్యాల్సినయి. నీ కడుపుల బిడ్డ ఉండె. గసొంటి ముచ్చట నీ ముంగట ఎట్ల వెడుదు? గందుకే ఆగిన. ఇప్పుడు సదువు. బయటికి సదువు, నాతోని గాదు."

తన పుస్తకం ఎప్పుడవుతుందని ఒక్కసారి కూడా అడగకుండా ఇన్ని నెలలు ఆగిందన్నమాట. రెండు విడతల పనికి ఇచ్చిన పాల డబ్బు అయిపోయింది, నేనేమో ఆ లోటు చుట్టూ తిరిగి గంటలు ఖర్చుచేశాను. ఎడిటర్‌కు అన్నీ ముందే చెప్పండి, ఖర్చు తగ్గుతుంది అని నేను అందరికీ చెప్తాను. ఇప్పటికీ చెప్తాను. కానీ ఆమె విషయంలో ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

పాపను ఒళ్లో వేసుకుని చదివాను. ఆడపిల్ల. ముక్కు తండ్రిది. పన్నెండు రోజులు బాగా పాలు తాగింది. తర్వాత రెండు రోజులు తాగలేదు. తెల్లారకముందే తండ్రి పాత ధోవతిలో చుట్టి తీసుకుపోయాడు. బాలింతను గది దాటనివ్వలేదు. ఎక్కడ పెట్టారో చూడనివ్వలేదు. ఆయన తిరిగొచ్చాక ఎక్కడ అని అడిగితే, పడమటి మూల అన్నాడు. పాలు ఆగలేదు, రవికె తడుస్తుంటే కట్టు కట్టారు. ఆ ఏడాది తోట విరగకాసింది. ఆఖరి వాక్యం ఇది: 'నా బిడ్డ పడమటి మూలలో ఉన్నది.'

మధ్యలో రెండుసార్లు ఆగి పాప ఛాతీ చూశాను. పాప మీద చెయ్యి వేసుకుని మళ్లీ చదివాను. అయిపోయాక కాగితాలు కింద పెట్టాను. శ్రీనివాస్ ఫోన్ ఎప్పుడు పక్కన పెట్టాడో నేను చూడలేదు.

"అమ్మా" అన్నాడు. "గా మూలల గాదే."

"ఏం గాదు?"

"పాప గా మూలల లేదు." అతను నేల చూస్తూ చెప్పాడు. "ముందటి బిట్టు అమ్మినప్పుడు కొలతలోళ్లు వచ్చిండ్రు జూడు. బాపు బాయి పక్కన నిలవడ్డడు. జరుగు బాపూ, గొలుసు లాగాలె అంటే జరగడు. అందరు పోయినంక జెప్పిండు నాకు. గాడ వెట్టిండట."

"బాయికాడనా?"

"నువ్వు పొద్దుమాపు నీళ్లకు గాడికే వోతుంటివి గద. గాడ అని చెప్తే నీళ్లెట్ల తోడుకుంటదిరా అన్నడు. గందుకని మూల పేరు జెప్పిండట."

అనసూయమ్మ కొడుకువైపు తిరిగింది. "ఇప్పుడు గాడ ఏమున్నది?" అని అడిగింది.

"రోడ్డువడ్డది అమ్మా. అగ్రిమెంటు అప్పటికే అయిపోయింది."

"మరి నేను ఇన్నేండ్ల సంది గా మూలకు దీపం వట్టుకపోతుంటే ఊకున్నరు, అయ్యా కొడుకులిద్దరు."

"బాపు మాట దీస్కున్నడు నా దగ్గర. గా మూల ఒక్కటి అమ్మకురా, మీ అమ్మ దీపం వెట్టుకుంటది అన్నడు. అమ్మలేనే నేను. ఎంతమంది అడిగినా అమ్మలే. గీ పేజీలు అచ్చయితే, ఊళ్లె నాడు జూసిన ముసలోడు ఎవడో సదివి, అనసూయా, గాడ గాదు కదనే అని నీ మొకం మీదనే అంటడని నాకు గీ భయం. గంతే."

మా అత్తమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. తప్పని తెలిసిన సంగతిని పుస్తకంలో ఉండనివ్వకూడదు, అది మా పనిలో మొదటి నియమం. దాన్ని సరిచేస్తే ఆ వాక్యంలో రోడ్డు అని రాయాలి. ఆమె ఆ రోడ్డు మీదుగానే మా ఇంటికి వస్తుంది, పోతుంది. తీసేద్దామంటే, ఆమె రెండు బర్రెల పాలు అమ్మింది ఆ వాక్యం కోసమే. పదేళ్లలో ఎన్నో వాక్యాలు తిప్పి రాశాను. ఇది నేను రాసేది కాదు.

"పెద్దమ్మా, నువ్వే చెప్పు" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకోలేదు, కొంగు సర్దుకుంది. "నా బిడ్డ గాడున్నదని రాసిన గద. గది కొట్టేయ్. నేను జూసింది గాదు, విన్నది. జూసిందే రాయాలె." నా చేతిలోని పెన్సిల్ వైపు చూసింది. "గిట్ల రాయి. నా బిడ్డ తోటల ఉన్నది. పడమటి మూలల నేను దీపం వెడత. గా జాగ నా పెద్ద కొడుకు అమ్మలే."

"నా ముచ్చట ఎందుకమ్మా అండ్ల" అన్నాడు శ్రీనివాస్.

"నీ పేరు రాయలే గద. పేర్లు గావాలంటే నీ రెండు పేజీలు ఉన్నయ్ గద, గండ్ల సూస్కో."

అతను నవ్వబోయి మొహం తుడుచుకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "చెల్లే, అమ్మలే అని గాదు. ఎన్నటికీ అమ్మడు అని రాయి."

"వద్దు" అంది అనసూయమ్మ. "అయినదే రాస్తం. గానిది నువ్వు జేసి సూపియ్యి."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. పాపను భుజం మీదికి మార్చుకుని, తల్లీ కొడుకులిద్దరికీ ఆ మూడు వాక్యాలు మళ్లీ చదివి వినిపించాను. ఎక్కడా నీళ్లు అడగలేదు ఆమె.